మీ వంతు వచ్చినప్పుడే మెయిల్ రావాలి

విజయనగరం, శ్రీకాకుళం కాలేజీల పిల్లలు గిట్‌హబ్‌లో (కోడ్‌ను ఉంచి, కలిసి రాసుకునే సైటు) ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో చేరగానే వాచ్ బటన్‌లో "ఆల్ యాక్టివిటీ" నొక్కేస్తుంటారు. వారం తిరిగేసరికి ఇన్‌బాక్స్ నిండిపోతుంది. ఆపైన ఏ మెయిలూ తెరవబుద్ధి కాదు. పేరు పెట్టి అడిగిన రివ్యూ (కోడ్ మార్పును చదివి చూడమన్న అభ్యర్థన) కూడా ఆ గుట్టలోనే మునిగిపోతుంది. అవతల ప్యాచ్ (కోడ్ మార్పు) పంపిన కుర్రాడు నెల రోజులు చూసి, చెప్పకుండానే మానేస్తాడు. జీతం లేని పనిలో ఇంతకు మించిన నష్టం లేదు.

ముందు వాచ్‌ను "పార్టిసిపేటింగ్ అండ్ మెన్షన్స్"కి మార్చండి. కొత్త విడుదలల కబురు కూడా కావాలంటే "కస్టమ్"లో రిలీజెస్ ఒక్కటే టిక్ పెట్టండి. తర్వాత జీమెయిల్ సంగతి. గిట్‌హబ్ నోటిఫికేషన్ మెయిల్ ఎందుకొచ్చిందో దాని సీసీలో ఉన్న చిరునామాయే చెబుతుంది: రివ్యూ అడిగితే ఒకటి, పేరు పిలిస్తే ఒకటి, ఊరికే వాచ్‌లో ఉన్నందుకు వచ్చిందైతే ఇంకొకటి. మొదటి రెండింటికీ ఫిల్టర్ పెట్టి నక్షత్రం తగిలించండి, మూడోది ఇన్‌బాక్స్‌కు రాకుండా లేబుల్‌లోకి పంపేయండి.

ప్రాజెక్టు నడిపేవాళ్ల చేతిలో ఉన్నది కోడ్‌ఓనర్స్ ఫైలు. ఏ ఫోల్డర్ మారితే ఎవరిని రివ్యూ అడగాలో అందులో రాస్తాం. ఒక ఫైలుకు రెండు మూడు వరుసలు సరిపోలితే చివరిదే చెల్లుతుంది. అందుకే అన్నిటికీ వర్తించే నక్షత్రపు గుర్తు (*) వరుస పైన ఉండాలి. కింద పెడితే ప్రతి మార్పూ ఒక్కరి నెత్తినే పడుతుంది. రైట్ యాక్సెస్ (ప్రాజెక్టులో మార్పులు చేసే అనుమతి) లేని వాళ్ల పేరు రాస్తే వాళ్లకు రిక్వెస్టే వెళ్లదు. డ్రాఫ్ట్‌గా ఉన్న పుల్ రిక్వెస్టుకూ (మార్పును ప్రాజెక్టులో కలపమన్న అభ్యర్థనకూ) అంతే, దాన్ని రెడీ అని మార్చాకే వెళుతుంది. ఫోల్డర్‌కు ఇద్దరి పేర్లు చాలు. పదిమందిని రాస్తే ఎవరో ఒకరు చూస్తారులే అని పదిమందీ వదిలేస్తారు.

రివ్యూ చేసేవాళ్లు "యాడ్ సింగిల్ కామెంట్" నొక్కిన ప్రతిసారీ అవతలివాళ్లకు ఒక మెయిల్. "స్టార్ట్ ఎ రివ్యూ" నొక్కి, పన్నెండు వ్యాఖ్యలు రాసి, ఒకేసారి పంపితే పన్నెండూ కలిపి ఒకటే. ప్యాచ్ రాసినవాళ్లు రివ్యూ మొదలయ్యాక రీబేస్ చేసి (మీ మార్పులను కొత్త కోడ్ మీద తిరిగి పేర్చి) ఫోర్స్ పుష్ చేయకండి (పాతవాటి స్థానంలో బలవంతంగా ఎక్కించకండి). పాత వ్యాఖ్యలు ఏ వరుసకు రాసినవో తెలియకుండా పోయి, చదివినవాళ్లు మళ్లీ మొదటి నుంచి చదవాలి. సవరణలను విడి కమిట్లుగా (విడివిడిగా భద్రపరిచిన మార్పులుగా) చేర్చండి, మెర్జ్ చేసేటప్పుడు (ప్రాజెక్టులో కలిపేటప్పుడు) స్క్వాష్ చేసుకోవచ్చు, అంటే అన్నిటినీ ఒకే కమిట్ చేయొచ్చు. సవరించాక రివ్యూయర్ పేరు పక్కనున్న గుండ్రటి బాణం నొక్కి మళ్లీ రివ్యూ అడగండి. అది నొక్కకపోతే బంతి తమ కోర్టులోకి వచ్చిందని వాళ్లకు తెలిసేదెలా? ఈ విషయంలో మీడియావికీ (వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేర్) వాళ్లు వాడే గెరిట్ అనే రివ్యూ సాధనం మేలు. వంతు ఎవరిదో అందులోని అటెన్షన్ సెట్ అనే జాబితాయే గుర్తుపెట్టుకుంటుంది.

తెలుగు అనువాదాల ఫైళ్ల తంటా వేరు. పీఓ ఫైలులో (అనువాదాలు రాసే ఫైలు) ప్రతి వాక్యం పైనా అది సోర్సులో ఎన్నో వరుసలో ఉందో రాసి ఉంటుంది. కోడ్ కాస్త జరిగితే ఆ అంకెలన్నీ మారి, మూడు వాక్యాల అనువాదానికి వందల వరుసల డిఫ్ (పాత, కొత్త వరుసల తేడా) వస్తుంది. ఫైలు తయారుచేసేటప్పుడే వరుస సంఖ్యలు రాయొద్దని గెట్‌టెక్స్ట్‌కు (ఆ ఫైళ్లు తయారుచేసే సాధనం) చెప్పండి. ఇంకొకటి, డిఫ్‌లో ఎర్ర (పాత) వరుసా పచ్చ (కొత్త) వరుసా అచ్చం ఒకేలా కనిపిస్తున్నాయంటే చాలాసార్లు కారణం పొల్లు తర్వాత చేరిన కంటికి కనపడని అక్షరం, యూనికోడ్‌లో 200సీ. "సాఫ్ట్‌వేర్" మధ్యలో అది కావాలి, లేకపోతే వకారం ఒత్తుగా మారిపోతుంది. "ప్రింట్" చివర మాత్రం అనవసరం, పైగా వెతుకులాటలో ఆ మాట దొరక్కపోవచ్చు. ఇది కంటితో పట్టుకునే పని కాదు, సీఐలో (మార్పు వచ్చిన ప్రతిసారీ దానంతట అదే నడిచే పరీక్షల్లో) తనిఖీ పెట్టాల్సిందే.

ప్రాజెక్టు వాడే లైబ్రరీల అప్‌డేట్లకు దానంతట అదే పుల్ రిక్వెస్టులు పంపే డిపెండబాట్‌తోనూ మెయిళ్లు పెరుగుతాయి, దాన్ని నెలకోసారికి మార్చి, అప్‌డేట్లను గ్రూపుగా కట్టండి.

సెమిస్టర్ పరీక్షలకో, సిరిమానోత్సవానికో మాయమయ్యేవాళ్లు ప్రొఫైల్ స్టేటస్‌లో "బిజీ" పెట్టండి. టీముకు ఆటో అసైన్‌మెంట్ (రివ్యూలను సభ్యులకు దానంతట అదే పంచడం) ఉంటే ఆ రోజుల్లో మీ పేరు దాటేసి వేరేవాళ్లను అడుగుతుంది. అక్కడే గడువు కూడా పెట్టండి. లేదంటే మీరు తిరిగొచ్చాక కూడా రివ్యూలన్నీ మిగిలినవాళ్లకే వెళుతుంటాయి.