స్కిబరీన్ గోతుల దగ్గర మన మద్రాసు గవర్నరు

ఐర్లండ్ దక్షిణాన ఉన్న చిన్న ఊరు స్కిబరీన్‌కి రైలు లేదు. కార్క్ నగరంలో పార్నెల్ ప్లేస్ బస్టాండు నుంచి బస్సే గతి. అది బాండన్, క్లొనకిల్టీ, రాస్‌కార్బరీ అంటూ దారిలో ఉన్న ప్రతి ఊళ్లోకీ దూరి బయటికొస్తుంది. టికెట్టు డబ్బుల్ని రూపాయల్లోకి మార్చి చూడకూడదని ఎన్నిసార్లు ఒట్టు పెట్టుకున్నానో, మళ్లీ మార్చాను, మళ్లీ కడుపు మండింది. పక్క సీట్లో పెద్దాయన నా మొహం చూసి నవ్వి, 1961 దాకా ఇటు రైలుండేదనీ, తీసేశారనీ, నిన్ననే పట్టాలు పీకేసినంత కోపంగా చెప్పాడు. అక్కణ్ణుంచి ఆయన నోటికి అడ్డులేదు. తమ ఊళ్లోని చిన్న పత్రిక ఒకప్పుడు రష్యా జార్ చక్రవర్తి మీద ఒక కన్నేసి ఉంచామని రాసిందట, దాన్ని జనం ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారట. ఐలెన్ నది మీద పడవలు నడిపే తమ కుర్రాళ్లు ఒలింపిక్స్ పతకాలు తెచ్చిన సంగతి చెప్పేటప్పుడైతే ఛాతీ రెండింతలైంది.

"ఇంతకీ మీరెందుకు వస్తున్నారు?" అని అడిగాడు. 1840ల కరువులో పోయినవాళ్లని మూకుమ్మడిగా పూడ్చిన గోతులు చూద్దామని అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముందు మ్యూజియం చూడండి, గోతుల దగ్గరికి తర్వాత వెళ్లండి. లేకపోతే మీకు అక్కడ గడ్డి తప్ప ఏమీ కనపడదు" అన్నాడు.

మ్యూజియం పాత గ్యాస్ ఫ్యాక్టరీ భవనంలో ఉంది. 1845లో బంగాళాదుంపకి తెగులు వచ్చింది, మరుసటి ఏడు పంట మొత్తం కుళ్లిపోయింది. పేదవాడికి ఉన్నది ఆ ఒక్క దుంపే. మిగతా పంటంతా కౌలు కింద భూస్వామికి పోతుంది. జనం చస్తుంటే కార్క్ రేవులో ధాన్యం, వెన్న మాత్రం ఓడలెక్కుతూనే ఉన్నాయి. 1841 జనాభా లెక్కల్లో ఐర్లండ్‌లో 80 లక్షలకు పైగా జనం, 1851కి 65 లక్షలు. సుమారు 10 లక్షల మంది పోయారు, అంతకు తగ్గకుండా వలస వెళ్లారు. నికొలస్ కమిన్స్ అనే కార్క్ మేజిస్ట్రేటు ఈ చుట్టుపక్కల ఒక గుడిసెలోకి వెళ్లి, మూల గడ్డి మీద పడున్న వాళ్లని శవాలనుకున్నాడు. మూలుగు విన్నాకే బతికున్నారని తెలిసింది. ఆయన రాసిన ఉత్తరం 1846 క్రిస్మస్ ముందురోజు లండన్ టైమ్స్‌లో పడింది.

ఇదంతా కొంత చదివే వెళ్లాను కాబట్టి నిబ్బరంగానే చూస్తున్నా. చార్లెస్ ట్రెవెల్యాన్ అనే పేరు దగ్గర ఆగిపోయాను. లండన్ ఖజానా శాఖలో కూర్చుని ఈ కరువు సాయమంతా నడిపించింది ఆయనే. మార్కెట్‌లో వేలు పెట్టకూడదు, ఊరికే పెడితే జనం సోమరులవుతారు, ఇది దేవుడి సంకల్పం అనే ధోరణి. చేసిన ఈ ఘనకార్యానికి 1848లో సర్ బిరుదు కూడా ఇచ్చారు. అదే పెద్దమనిషి 1859లో మద్రాసు గవర్నరుగా దిగాడు! అంటే మా గుంటూరుకీ ఆయనే దొర. అక్కడ ఆదాయపు పన్నుని బహిరంగంగా తప్పుబట్టి ఏడాది తిరిగేసరికి వెనక్కి పిలిపించుకున్నాడు, అది వేరే కథ.

అబేస్ట్రూరీ శ్మశానం ఊరికి పడమట, నది ఒడ్డున. పెద్దాయన చెప్పింది నిజం, కంటికి కనపడేది కత్తిరించిన పచ్చగడ్డే. దాని కింద ఎనిమిది నుంచి పదివేల మంది, ఒక్కరి పేరూ లేదు. టామ్ గెరిన్ అనే పసివాణ్ణి చనిపోయాడనుకుని ఈ గోతిలో వేశారట. పార తగిలి కాళ్లు విరిగితే కేక పెట్టాడట. తీసి బయట పడేస్తే బతికాడు, కుంటుకుంటూ ముసలితనం దాకా బతికాడు. తుంపర పడుతోంది, గొడుగు తెరవబుద్ధి కాలేదు.

నాకు మాత్రం కోపం వచ్చింది, అదీ మా గుంటూరు మీదే. 1832-33లో నందన నామ సంవత్సరపు డొక్కల కరువులో 5 లక్షల జనాభా ఉన్న గుంటూరు జిల్లాలో లక్షన్నరకు పైగా పోయారంటారు. పుట్టి పెరిగింది అక్కడే, బడికి వెళ్లింది అక్కడే, ఆ కరువు పేరున ఒక్క రాయైనా నా కంటపడలేదు. కాలవలు తవ్వించిన కాటన్ దొర విగ్రహాలు మాత్రం ఊరూరా ఉన్నాయి. ఉండాలి కూడా, కాదనను. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది, సరిగ్గా ఇక్కడ ఈ గోతులు పూడుస్తున్న ఏళ్లలోనే. కానీ పోయినవాళ్ల సంగతో?

ఊళ్లోకి వచ్చి హోటల్లో సూపు, బ్రౌన్ బ్రెడ్ తీసుకుంటే 14 యూరోలు. సూపులో బంగాళాదుంప ముక్కలు వెతుక్కోవాలి. అది చల్లారేలోపు నాన్నకి ఫోన్ చేసి, తాతయ్య ఎప్పుడైనా డొక్కల కరువు మాట ఎత్తేవాడా అని అడిగాను. తాతయ్య కాదుగానీ నాయనమ్మ అనేదట, కంచంలో అన్నం వదిలేస్తే "డొక్కల కరువులో పుట్టుంటే తెలిసేదిరా నీకు" అని. ఆమెకి ఆమె అత్తగారు చెప్పిందట. అంతకు మించి ఎవరికీ తెలియదు, అడిగిందీ లేదు అన్నాడు. తర్వాత గొంతు మార్చి, "సర్లే, అక్కడ ఆ దుంపలు ఇప్పుడు కిలో ఎంత?" అన్నాడు.