జంగ్లీఘాట్‌లో ఊడదీసిన గాలాలు

తెల్లవారుజామున నాలుగున్నరకి అండమాన్‌లోని జంగ్లీఘాట్ జెట్టీ మీద లూర్ల (ఎరకి బదులు వేసే ఉత్తుత్తి చేపల) పెట్టె తెరిచాను. బోటాయన టార్చి వేసి ఒక్కొక్కటే చూశాడు.

"ఇయ్యి నా బోటెక్కవు బాబూ. మూడు కొక్కేలయి తీసెయ్యాల."

నాకు ఒళ్ళు మండింది. విశాఖ ఓడ తారీఖులు కుదరక చెన్నై మీదుగా విమానంలో వచ్చాం. రాడ్లకి విడిగా లగేజీ కట్టాం. బోటుకి రోజుకి 28,000, ముగ్గురం పంచుకున్నా చిన్న మాట కాదు. ఒక్కో పాపర్‌కి, అంటే నీటి మీద చప్పుడు చేస్తూ పోయే లూర్‌కి, మూడు వేలు పోశాను. మూడు కొసలుంటే ఏదో ఒకటి దిగుతుందని కదా ట్రెబుల్ హుక్కులు పెట్టుకునేది!

ఆయన తాత కళింగపట్నం వైపు నుంచి వచ్చాడట. ఊరి పేరు 2024లో శ్రీ విజయ పురం అయినా ఆటోవాళ్ళు పోర్ట్‌బ్లెయిర్ అనే పిలుస్తున్నారు. ఇక జంగ్లీఘాట్‌లో దిగితే మన జాలరిపేట సందుల్లో ఉన్నట్టే, ఎటు విన్నా శ్రీకాకుళం యాసే.

"ఒక్క కొక్కెం పెద్ద పార చేపని ఆపుతుందా బాబాయ్?" అన్నాను.

"మా అయ్య చేతితాడుకి ఒక్క గాలవే కట్టీవోడు. కొనెం పడనేదా? సొర పడనేదా?"

ఆ మాటతో నిరుడు భీమిలి దగ్గర పట్టిన పార గుర్తొచ్చింది. రెండు కిలోలు కూడా లేదు. ముందు ట్రెబుల్ నోట్లో దిగింది, వెనకది చేప గింజుకుంటుంటే కంట్లో దిగింది. ఒకటి తీస్తుంటే ఇంకోటి లోతుకి పోయేది. వదిలేద్దామనే పట్టాను, వదిలాను కూడా. తెల్లటి పొట్ట పైకి తేలి, అలల మీద అలాగే ఊగుతూ పోయింది. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం సరిగ్గా తినలేకపోయాను.

మారు మాట్లాడకుండా ప్లయర్ తీశాను. నా దగ్గరున్నవి మామూలు సింగిల్ హుక్కులు. వాటి చెవి కొక్కెం వంపుకి అడ్డంగా ఉంటుంది కాబట్టి లూర్‌కి ఉండే ఒక్క స్ప్లిట్ రింగుకి (తాళాల గుత్తి రింగులాంటిది) తగిలిస్తే కొక్కెం పక్కకి తిరిగి నిలబడింది. బాబాయ్ తన డబ్బాలోంచి ఇన్‌లైన్ హుక్కులిచ్చాడు. వాటి చెవి పావు మలుపు తిరిగి ఉంటుంది, కొక్కెం లూర్ వరసలోనే కూర్చుంటుంది. పొట్ట కింది దానికి కొస ముందుకి, తోక దానికి కొస పైకి. రెండూ ఒకదాన్నొకటి తాకకూడదన్నాడు. కొస వెనకుండే ముల్లుని ప్లయర్‌తో నొక్కి చదును చేయించాడు. హుక్కుల డబ్బులు మాత్రం విడిగా తీసుకున్నాడు, ఐదింటికి 700.

మొదటి రోజంతా వృథా అయింది. పాపర్ నీళ్ళని గుటక్కున మింగి ఉమ్మాలి, అదే దాని పని. నాది బల్లపరుపుగా పడుకుని నీటి మీద జారిపోయింది. రెండు చేపలు వెంటపడి వచ్చి, మొహం తిప్పుకుని వెళ్ళిపోయాయి.

రాత్రి లాడ్జి బాత్‌రూములో బకెట్ నింపి పాపర్‌ని అందులో వేశాను. తోక కిందికి దిగి, నోరు నీటి అంచున నిలబడాల్సింది అడ్డంగా తేలుతోంది. ట్రెబుల్ తీసేస్తే దాని బరువూ పోయింది మరి. తోకకి లావు హుక్కు మార్చి, దాని కాడకి సీసపు తీగ చుట్టాను. నాలుగు చుట్లకి కొంచెం వాలింది, ఏడుకి సరిగ్గా నిలబడింది. ఒంటిగంటయింది. పక్క మంచం మీద ఇద్దరూ గుర్రు.

రెండో రోజు మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. ఎండకి పెదాలు పగిలాయి. ఒంటిగంట దాటాక పగడపు దిబ్బ అంచున పాపర్ రెండోసారి 'గుబుక్' అనగానే నీళ్ళు పేలాయి. రాడ్ నడుముకి గుచ్చుకుంది, రీలు కీచుమంది. తాడు దిబ్బకి రాసుకుంటున్న జర జర నా వేళ్ళకి తెలుస్తోంది. పది నిమిషాలు కూడా పట్టలేదేమో, నాకు మాత్రం గంటయినట్టుంది.

పాతిక కిలోలుంటుంది పార. వెండి ఒళ్ళు, వెడల్పు నుదురు, పెద్ద నల్లటి కన్ను. ఆ కంటికి గీత కూడా పడలేదు. తోక హుక్కు దవడ మూలలో ఒక్కచోట దిగి ఉంది, పొట్ట హుక్కు ఖాళీగా వేలాడుతోంది. బాబాయ్ చేపని బోటులోకి ఎక్కించనివ్వలేదు. నీళ్ళలోనే పట్టుకుని ప్లయర్‌తో ఒక్క తిప్పు తిప్పితే కొక్కెం వచ్చేసింది. నెత్తురు చుక్క లేదు. తోక మొదలు నా చేతికిచ్చి, తల అలలకి ఎదురు పెట్టమన్నాడు. దవడలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. కాసేపటికి నా పిడికిట్లో తోక గట్టిపడింది. ఒక్క విదిలింపుతో నా మొహం నిండా ఉప్పునీళ్ళు కొట్టి లోపలికి పోయింది.

పైకి తేలుతుందేమోనని చాలాసేపు అటే చూశాను. తేలలేదు.

బాబాయ్ అప్పటికే నా తాడు వేళ్ళ మధ్య జారుస్తూ తడుముతున్నాడు. "ముందు మూడు బారలు అరిగిపోనాది బాబూ. కోసేసి కొత్తగా కట్టు, ఇంకా పొద్దుంది."