డబ్బుకు కోడ్ సరే, మెనూకు వద్దు

కాకినాడలోని మా టిఫిన్ హోటల్‌లో గల్లాపెట్టె దగ్గర కూర్చునేది నేనే. పొద్దున రద్దీలో చిల్లర వెతుక్కునే బాధ క్యూఆర్ కోడ్ వచ్చాక తీరింది. తిన్నవాళ్లు చెయ్యి కడుక్కుని వస్తూనే స్కాన్ చేస్తారు. ఎంత జమ అయిందో పక్కనున్న సౌండ్‌బాక్స్ తెలుగులో చెబుతుంది. అది పలికాకే నేను సరేనంటాను. డబ్బు పంపినట్టు దొంగ తెరలు చూపించే యాప్‌లు ఉన్నాయి మరి.

2025 జనవరిలో ఖజురహోలో రాత్రికి రాత్రి దుకాణాల కోడ్‌ల మీద వేరే కోడ్‌లు అంటించిపోయారన్న వార్త చదివాను. అప్పటినుంచి షట్టర్ తీయగానే మా స్టిక్కర్ అంచును గోటితో తడిమి చూస్తాను. తర్వాత నా ఫోనుతో స్కాన్ చేసి, మా ఆయన పేరే వస్తోందా అని చూసుకుంటాను. మీరూ పిన్ కొట్టే ముందు ఆ పేరు చదవండి, అనుమానం వస్తే మమ్మల్ని అడగండి. మేమేమీ అనుకోం. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. మీకు డబ్బు రావాలంటే పిన్ కొట్టాలని ఎవరైనా చెబితే నమ్మకండి. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మెనూకు కూడా కోడ్ పెట్టమని ఒకతను వచ్చి అడిగాడు. నేను ఒప్పుకోలేదు. యూపీఐలో అయితే డబ్బు ఎవరికి వెళ్తోందో పేరైనా కనబడుతుంది. మెనూ కోడ్ తెరిచేది ఏదో ఒక వెబ్‌సైటును. అది ఎవరిదో, ఏం అడుగుతుందో ఆకలితో వచ్చిన మనిషికి ఎలా తెలుస్తుంది? ఈమధ్య ఒక పెద్ద రెస్టారెంటుకు వెళ్తే, పేరు, ఫోను నంబరు, ఓటీపీ ఇస్తే గానీ ధరలు కనబడలేదు. చత్వారం ఉన్న మా అత్తగారు "కాగితం మీద లేదా నాయనా?" అని అడిగారు. లేదన్నారు. భోజనం పెట్టడానికి ఆవిడ నంబరు ఎందుకు? నాకు నిజంగా కోపం వచ్చింది.

మా గోడకు నల్లబల్ల ఉంది. పెసరట్టు పిండి అయిపోగానే తడిగుడ్డతో ఆ వరుస తుడిచేస్తాం. సాటి హోటళ్లవాళ్లను నేను కోరేది ఒక్కటే: మెనూకు కోడ్ పెట్టుకుంటే పెట్టుకోండి, కానీ అడిగినవాళ్లకు ఇవ్వడానికి నాలుగు అచ్చు కార్డులు కూడా ఉంచండి, ధరలు చూపించడానికి నంబరు అడగకండి.