ఆ పాటకి వరస కట్టిందెవరు?

మన బడిలో ప్రార్థన అనగానే అందరికీ గుర్తొచ్చేది 'జయ జయ జయ ప్రియ భారత'. రాసింది దేవులపల్లి కృష్ణశాస్త్రిగారని ఎవర్ని లేపి అడిగినా చెప్పేవాళ్లం. వరస ఎవరు కట్టారని మన సంగీతం టీచరుగారు అడిగితే మాత్రం క్లాసంతా ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నాం. వింజమూరి అనసూయాదేవి అని ఆవిడే చెప్పారు, కృష్ణశాస్త్రిగారి మేనకోడలు, మన కాకినాడ ఆడపిల్లే అని కూడా.

ఆ పాట నేర్పడానికి టీచరుగారు పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. సమాసాలు బారెడు పొడుగు, మేమేమో ఊపిరి అందక మాట మధ్యలో విరిచేసేవాళ్లం, ఆవిడ హార్మోనియం ఆపేసి, వేళ్లతో పెట్టె మీద తాళం కొడుతూ మళ్లీ మొదటికి తీసుకెళ్లేవారు. విరక్కుండా పాడటం వచ్చాక తెలిసింది, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆ వరసలోనే ఉందని. అంత సంస్కృతాన్ని ఐదో క్లాసు పిల్లల నోట పలికించడం చిన్న పనా చెప్పండి!

అనసూయగారు 1920లో పుట్టారు. ఎనిమిదేళ్లకే గ్రామఫోన్ రికార్డు ఇచ్చారట, ఆ వయసుకి మనం ఎక్కాలు అప్పజెప్పలేక దెబ్బలు తింటున్నాం. తల్లి వెంకటరత్నమ్మగారు ఆ రోజుల్లోనే ఆడవాళ్ల కోసం 'అనసూయ' అనే పత్రిక నడిపిన మనిషి. చెల్లెలు సీతాదేవితో కలిసి కచేరీల్లో, మద్రాసు రేడియోలో పాడారు. జానపదాలంటే దంపుళ్ల దగ్గర పాడుకునేవి అని పెద్ద పాటగాళ్లు చప్పరించేసే కాలంలో వాటిని కచేరీ వేదిక ఎక్కించారు, సేకరించి పుస్తకాలూ వేశారు. నా లెక్కన ఆవిడ చేసిన అసలు పని ఇదే, లేకపోతే మన అమ్మమ్మల పాటలు ఎన్ని వాళ్లతోనే పోయేవో. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ అనే గౌరవ పట్టం ఇచ్చింది. చివరికాలం అమెరికాలోని హ్యూస్టన్‌లో గడిపి 2019లో అక్కడే కన్నుమూశారు, దాదాపు తొంభై తొమ్మిదేళ్లు.

మన పాటల పుస్తకంలో కవి పేరు ఉండేది, వరస కట్టినవాళ్ల పేరు ఉండేది కాదు. ఈసారి మన బడి పాత విద్యార్థులమంతా కలిసినప్పుడు ఎలాగూ ఈ పాటతోనే మొదలుపెడతాం కాబట్టి, కార్యక్రమం కార్డు వేయించేవాళ్లు కృష్ణశాస్త్రిగారి పేరు కింద అనసూయగారి పేరు కూడా వేయించండి. ప్రూఫు నేను చూస్తాను.