శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా?

ఇరవై ఆరేళ్లు కోర్టుల్లో స్టెనోగా పనిచేశాను. నేరం రుజువైందని టైపు చేశాక ఒక చిన్న పేరా వస్తుంది. అక్కడ నా వేళ్లు నెమ్మదించేవి. "శిక్ష విషయమై అడుగగా, తన కుటుంబానికి తానే ఆధారమని, దయ చూపమని ముద్దాయి కోరాడు." ముద్దాయిలు మారేవారు, ఆ వాక్యం మారేది కాదు.

దోషి అని తేల్చాక, శిక్ష వేసే ముందు అతని మాట వినాలన్నది 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 235(2) సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 258(2). సెక్షన్ చిన్నదే కానీ ఒక మనిషి జీవితంలో కొన్నేళ్లు దాని మీద ఆధారపడి ఉంటాయి.

ఒక కేసు చెబుతాను. ఊరు, పేర్లు వద్దు. పొలానికి నీళ్లు మళ్లించే దగ్గర అన్నదమ్ములకు గొడవైంది. తమ్ముడు చేతిలో ఉన్న పారతో ఒక్క దెబ్బ వేశాడు. మూడో రోజు ఆసుపత్రిలో అన్న చనిపోయాడు. పోలీసులు పెట్టింది అప్పటి శిక్షాస్మృతి (ఐపీసీ)లోని 302, అంటే హత్య. అందులో యావజ్జీవం, ఉరి తప్ప మూడో దారి లేదు. చంపాలన్న ఉద్దేశం లేదని జడ్జిగారు దాన్ని హత్య కిందికి రాని ప్రాణహరణానికి, అంటే 304 రెండో భాగానికి తగ్గించారు. ఇక పదేళ్లలోపు ఎంతైనా వేయవచ్చు, కనీసం ఇంత అని లేదు. అంత వెడల్పైన చోట ఒక అంకెను ఎలా పట్టుకోవాలి? శిక్షలకు మార్గదర్శకాలు కావాలని 2003లోనే, నేర న్యాయవ్యవస్థ సంస్కరణల కోసం వేసిన మళిమత్ కమిటీ సిఫార్సు చేసింది.

శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా అని జడ్జిగారు అడిగారు. అతను బోనులో చాలాసేపు తల వంచుకుని, "అమ్మకు మేమిద్దరమేనయ్యా" అన్నాడు. అంతే. ప్రభుత్వం తరఫు వకీలు పీపీగారు కఠినంగా శిక్షించాలన్నారు. అతని వకీలు దయ చూపాలన్నారు. రెండూ కలిపి ఐదు నిమిషాలు పట్టలేదు. తల్లి బయట వరండాలోనే కూర్చుని ఉంది. చనిపోయినవాడూ ఆమె కొడుకే, బోనులో ఉన్నవాడూ ఆమె కొడుకే. ఆమెను లోపలికి పిలవాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

భోజన విరామం తర్వాత ఐదేళ్ల కఠిన కారాగార శిక్ష వేశారు. రిమాండులో గడిచిన పద్నాలుగు నెలలు అందులోంచి మినహాయించారు. నేను ఖాళీగా ఉంచిన చోట ఆ అంకె నింపాను.

అది ఎక్కువా తక్కువా అని నేను అనను. జడ్జిగారి ముందు ఏముంది అన్నదే నా బాధ. ఒక్క దెబ్బ, ముందస్తు పథకం లేకపోవడం: ఇవి సాక్ష్యంలో ఉన్నాయి. అతని వయసు, గతం, ఊళ్లో నడవడి, తల్లి పరిస్థితి? కాగితం ఒక్కటీ లేదు. శిక్షపై వినడమంటే నోటిమాట వినడం మాత్రమే కాదని, అవసరమైతే సాక్ష్యం కూడా పెట్టుకోనివ్వాలని 1976లోనే సంతా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకు రెండేళ్ల ముందు మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఈడిగ అనమ్మ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆమె చిన్న వయసు, అత్తింటినుంచి గెంటివేత, పసిబిడ్డ, ఇవన్నీ లెక్కలోకి తీసుకుని ఉరిని యావజ్జీవంగా మార్చారు. ఆ వివరాలు రికార్డులో లేకపోతే ఆమె ఏమయ్యేది?

తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలి కదా, ఆ సాయంత్రం ఇచ్చి వేలిముద్ర తీసుకున్నాం. "నేను చెప్పింది ఇందులో రాశారామ్మా?" అని అడిగాడు. తీర్పు ఇంగ్లీషులో ఉంది. వెతికి, ఆ పాత వాక్యాన్నే తెలుగులో చదివి వినిపించాను. తల ఊపాడు. అతను అన్నది ఆ మాట కాదు.

పోయిన నెల ఒక జూనియర్ వకీలు ఫోను చేసింది. శుక్రవారం తీర్పు ఉందట, శిక్ష మీద ఏం వాదించాలని అడిగింది. వాదన తర్వాత చూసుకోవచ్చు, ముందు రేపు పొద్దున్నే ఆ ఊరికి బస్సెక్కమన్నాను. రేషన్ కార్డు, బడి సర్టిఫికెట్, తల్లి మందుల చీటీలు తెచ్చుకోమన్నాను. తల్లిని కూడా వెంటబెట్టుకుని రమ్మన్నాను.