యాస మార్చుకున్న పూలమ్మి

నల్లగొండలో మా ఇంటి అరుగు మీద ‘మై ఫెయిర్ లేడీ’ పాటలు వింటుంటే, కాలేజీలో చేరిన తొలి వారం ‘ఏడికి పోతున్నవ్’ అన్నందుకు వెనక బెంచీలు ఘొల్లుమని నవ్విన సంగతి గుర్తుకు వచ్చింది. బర్నార్డ్ షా నాటకం ‘పిగ్మేలియన్’ ఆధారంగా వచ్చిన ఈ సంగీత నాటకంలో ఓ ప్రొఫెసర్ పూలమ్ముకునే పిల్ల ఎలైజాకు దొరల యాస నేర్పుతాడు. అది అమెరికాలోని న్యూ హేవెన్‌లో మొదటిసారి ఆడవలసిన మంచు తుఫాను నాడు, ప్రొఫెసర్ వేషం వేసిన, పాడే అలవాటు అంతగా లేని రెక్స్ హారిసన్ వాద్యబృందానికి బెదిరి వేదిక ఎక్కనని భీష్మించి, చివరికి ఎక్కాడు. నాటకం 1956 మార్చి 15న న్యూయార్క్‌లోని నాటకశాలల వీధి బ్రాడ్‌వే చేరి, 2,717 ప్రదర్శనల తర్వాత 1962లో ముగిసింది. ఎలైజాగా నటించిన జూలీ ఆండ్రూస్‌కు అప్పటికి 20 ఏళ్లే.

యాస మార్చుకుని దొరసాని అనిపించుకున్న ఆ పిల్ల చివర్లో ఇల్లు విడిచి వెళ్లి తిరిగి వస్తే, ప్రొఫెసర్ తన చెప్పులు ఎక్కడని అడగడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 2018లో న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్ ప్రదర్శనలో మాత్రం ఆ చివరి ఘట్టంలో ఎలైజా వేదిక దిగి, ప్రేక్షకుల మధ్య నుంచి నడిచి వెళ్లిపోయింది.