కుండలో ఇన్సులిన్

కరెంటు పోయి మూడు గంటలైంది. ఫ్రిజ్‌లోంచి పాప ఇన్సులిన్ సీసా తీసి, కవర్లో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి నీళ్ళ కుండలోకి దించుతున్నాను. మా పర్లాకిమిడి ఎండలు మీకు తెలిసినవే.

"మందుకే ఇంత సేవ అయితే, దాన్ని తయారుచేసే కణాల్ని ఎలా దాస్తారమ్మా?" అంది పాప. ఐలెట్లంటే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల గుంపులు. దాత నుంచి వాటిని తీసి రోగికి ఎక్కించే ఐలెట్ మార్పిడి గురించి నిన్న ఫోన్లో చదివిందట.

చిక్కంతా అక్కడే ఉంది. క్లోమంలో ఐలెట్లు ఒకటి రెండు శాతమే, కానీ రక్తం మాత్రం వాటాకి మించి తాగుతాయి. దాత క్లోమంలోంచి ఎంజైములతో విడదీయగానే ఆ రక్తనాళాలన్నీ తెగిపోతాయి. ఇక చుట్టూ ఉన్న పోషక ద్రవంలోంచి ఆక్సిజన్ లోపలికి ఇంకాల్సిందే. పెద్ద ఐలెట్ అయితే నడిమధ్య ముందు చచ్చిపోతుంది. అందుకే గిన్నెలో కుప్ప పోయరు, పలచగా పరుస్తారు. నారుమడిలో వత్తుగా చల్లితే మొక్క పాలిపోదూ, అలాగన్నమాట. ఫ్రిజ్‌లో కూడా కాదు. కొన్ని ల్యాబుల్లో 37 డిగ్రీలు, కొన్నిట్లో 22. అలా ఒకటి రెండు రోజులు కాపాడి, కాలేయానికి వెళ్ళే సిరలోకి ఎక్కిస్తారు.

1999-2000లో కెనడాలోని ఎడ్మంటన్‌లో ఏడుగురు ఈ మార్పిడితో ఇన్సులిన్ మానగలిగారు. అప్పుడు నిల్వే ఉంచలేదు, విడదీసిన వెంటనే ఎక్కించేశారు. పాప కళ్ళు వెలిగాయి. తర్వాత రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతూనే ఉండాలని కూడా చెప్పాను. ఇవాళ్టికి చెప్పకుండా ఉండాల్సింది.

నాలుగున్నరకి కరెంటొచ్చింది. సీసా ఇంకా కుండలోనే ఉంది, పాప తియ్యనివ్వట్లేదు.